గాల్లో గంట, రోడ్డు మీద మూడు గంటలు

ఈ రోజు మధ్యాహ్నం హైదరాబాదులో మా చెల్లెలికి ఆపరేషన్. నేనుండేది చిత్తూరులో. రేణిగుంటలో పదింటికి విమానమెక్కితే గంటలో అక్కడుంటాను కదా అన్న ధీమాతో, కారు నడిపే ఖాదర్ భాయ్‌ని ఏడింటికి రమ్మన్నాను. ఆయన ఐదున్నరకే వచ్చి హారన్ కొట్టాడు. తల కూడా దువ్వుకోకుండా కోపంగా బయటికొచ్చాను.

"ఏడింటికి కదా భాయ్ రమ్మనింది?"

"విమానం గంటేలే అక్కా, ఆడిదాకా పోవాల గదా! ఈ పొద్దు శనివారం, తిరుమల కొండకు పోయే బండ్లు జాస్తి. జ్యూస్ ఫ్యాక్టరీ కాడ మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు మీదికి నిలబడుండాయి. నిన్ననే సూసినాను."

ఆయన చెప్పినట్టే అయింది. రెండు గంటల దారికి మూడు గంటలు పట్టింది. ట్రాక్టర్ల వెనక కార్లోనే తల దువ్వుకున్నాను. అయినా విమానం అందింది.

ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు పది నిమిషాలు చెల్లెలి చెయ్యి పట్టుకోగలిగాను. ఇప్పుడు అది కులాసాగా ఉంది.

"విమానం ఉండబట్టి అందుకున్నావు వదినా" అన్నాడు చెల్లెలి భర్త. నా చెవుల్లో మాత్రం ఐదున్నర హారనే మోగుతోంది.

చెప్పిన టైముకు రాని డ్రైవర్‌ని పొగడటం నాకిదే మొదటిసారి. మీకూ ఉన్నారా ఇలాంటివాళ్లు?