సబ్బుకు లొంగని నీలం

ఇది మృత్యువుతో ఒక తండ్రి చేసిన మహా సంగ్రామం. ఇలా మొదలుపెట్టి మా ఆవిడ దుర్గకు చూపించాను.

"సంగ్రామమా? నువ్వు చేసిందల్లా బెంచీ మీద కూర్చోవడమే కదయ్యా" అంది.

నిజమే. కాబట్టి ఇది ఎక్కువగా బెంచీల గురించి.

మాది పెడన. కలంకారీ అద్దకం పని. ఇంట్లో నాకు, దుర్గకు, అమ్మకు చేతులకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. పెళ్ళిళ్ళలో వడ్డించమని మమ్మల్ని ఎవరూ పిలవరు. అందుకే ఒక రోజు మా ఏడు నెలల పాప హాసిని స్నానం దగ్గర గుక్కపట్టి ఏడ్చి, పెదవులు, గోళ్ళు నీలంగా మారితే ఎవరూ భయపడలేదు. అమ్మ నన్ను తిట్టింది, అంతే.

"నీలిమందు చేతుల్తో పిల్లనెత్తుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా? చూడు, నోట్లో పెట్టేసుకుంది!"

కొబ్బరినూనె రాసి తుడిచింది. కాసేపటికి ఏడుపు ఆగింది, నీలం తగ్గింది. నూనె గెలిచిందనుకున్నాం. అప్పట్నుంచి నేను సబ్బుతో చేతులు తోముకుని గానీ పాపను ముట్టుకోలేదు. నీలం మాత్రం వస్తూనే ఉంది. పాలు తాగుతూ మధ్యలో ఆగి రొప్పేది కూడా.

అంగన్‌వాడీకి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ డాక్టరమ్మ వచ్చిన రోజు దుర్గ పాపను తీసుకెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. ఆవిడ స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. పాప వేలికి క్లిప్పు తగిలించారు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ డెబ్బై రెండు.

"అది రంగండీ. మేం అద్దకం వాళ్ళం" అన్నాను, ఆవిడకు తెలియని విషయం నేర్పుతున్నట్టు.

ఆవిడ వాదించలేదు. పెద్దవాళ్ళ క్లిప్పు తీసి నా వేలికి పెట్టారు. నాకు మణికట్టు దాకా నీలమే. తొంభై ఎనిమిది.

"రంగు మీది బాబూ. పాప వేలు శుభ్రంగానే ఉంది. గుండెలో తేడా ఉన్నట్టుంది. రేపే బందరు వెళ్ళండి."

నాకు ఒక్క జోకూ తోచలేదు. మా ఇంట్లో ఇది రికార్డు.

బందరులో చూసి విజయవాడ పంపారు. అక్కడ ఎకో, అంటే గుండె స్కానింగ్. పెద్ద డాక్టరు దగ్గరికి కదా అని దుర్గ పాపకు మా సొంత అద్దకం ఫ్రాకు వేసింది, వెనక జిప్పుది. ఎకోకి ఛాతీ కనపడాలి. జిప్పు ఇరుక్కుంది. పాప ఏడుపు, మళ్ళీ నీలం. డాక్టరు గారు పాప మోకాళ్ళు రెండూ ఛాతీకి ఆనించి పట్టుకున్నారు. "దీన్ని స్పెల్ అంటారు. వస్తే ఇలా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి" అని చూపించారు. తర్వాత స్క్రీను చూస్తూ, "టెట్రాలజీ ఆఫ్ ఫాలో. గుండె గోడకు రంధ్రం ఉంది, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి సన్నంగా ఉంది. ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు.

"చెయ్యకపోతే?" దుర్గ అడిగింది.

"చేద్దామమ్మా."

ప్రభుత్వ పథకం కౌంటర్లో అమ్మాయి, "మీరేం కట్టక్కర్లేదండీ. అప్రూవల్ రావాలి, కూర్చోండి" అంది. కూర్చోవడంలో అప్పటికే నాకు అనుభవం వచ్చింది. అప్రూవల్ వచ్చింది. పాపకు జలుబూ వచ్చింది. ఛాతీలో నెమ్ము ఉండగా మత్తు ఇవ్వరట. మందులు రాసి, తగ్గాక రమ్మన్నారు.

ఇంట్లో అమ్మ దిష్టి తీస్తానంది. "పొగ లేకుండా తియ్యి" అన్నాను. దుర్గ మాకందరికంటే గట్టిది. తుమ్మినవాళ్ళను గుమ్మంలోంచే పంపేసింది. మా అక్కనైనా సరే.

"దుర్గా, ఇది జలుబు కాదే, ఎలర్జీ!"

"ఎలర్జీ తగ్గాక రండి వదినా."

ఒక మధ్యాహ్నం పెద్ద స్పెల్ వచ్చింది. పాప మెడ వాల్చేసింది. దుర్గ మోకాళ్ళు మడిచి పట్టుకుని, ఏడవకుండా, "అంబులెన్స్" అని ఒక్క మాటే అంది. బండి కదులుతుంటే అమ్మ పరిగెత్తుకొచ్చి నూనె సీసా నా చేతిలో పెట్టింది. తీసుకున్నాను. ఆ క్షణంలో ఎవరు ఏమిచ్చినా తీసుకునేవాణ్ణి.

ఈసారి విజయవాడ వాళ్ళు ఇంటికి పంపలేదు. నెమ్ము తగ్గేదాకా అక్కడే ఉంచి ఆపరేషన్ చేశారు. మేం బెంచీ మీద ఉన్నాం. సర్జన్ బయటికి వచ్చి, "రంధ్రానికి ప్యాచ్ వేశాం. దారి వెడల్పు చేశాం. ఇక ఐసీయూలో చూద్దాం" అన్నారు. వెంటిలేటర్ తీయడం అనుకున్నదానికంటే ఆలస్యమైంది. తీశాక లోపలికి రానిచ్చారు. గొట్టాల మధ్య పాప పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"లిప్‌స్టిక్ వేశారా సిస్టర్?"

"పిల్లల పెదాలు ఇలాగే ఉంటాయండీ."

మాకు తెలియదు. అప్పుడు ఏడుపొచ్చింది. దుర్గ కొంగిచ్చింది. ఉతకని కొత్త అద్దకం చీర. నా ముఖమంతా నీలమైంది. నర్సు క్లిప్పు పట్టుకుని అనుమానంగా నా వైపే చూసింది.

హాసిని ఇప్పుడు పరిగెడుతోంది, అద్దకం అచ్చులు ఎత్తుకుపోతోంది. వాల్వు దగ్గర కొంచెం లీక్ ఉంది, అప్పుడప్పుడు చూపించుకోవాలన్నారు. చూపిస్తున్నాం, ఇకముందూ చూపిస్తాం. మీది ఏ పనైనా, మీ చేతులకు ఏ రంగున్నా, పిల్లల పెదవుల మీద నీలం కనిపిస్తే కారణం ఇంట్లో వెతక్కండి. వెంటనే డాక్టరుకు చూపించండి.

ఎకోకి వెళ్ళేటప్పుడు మాత్రం ముందు గుండీలున్న చొక్కా వేయండి.