ఆరో అంతస్తు తల్లికి సన్మానం

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని వీధిలో అందరూ కోచ్‌గారు అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఆయన ఏనాడూ ఆరా తీయలేదు. బడిలో ఉండగా బంతి తగిలి ముక్కు వాచినప్పటినుంచి ఆయన మళ్ళీ దాన్ని కాలితో తాకిన పాపాన పోలేదు. అయినా ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఎవడు ఎక్కడ నిలబడాలో, ఎవణ్ణి ఇంటికి పంపాలో ఆయనకు తెలిసినంతగా జట్టును నడిపేవాళ్ళకు తెలియదు. ఈ సంగతి కూడా ఆయనే చెప్పేవాడు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ఇరవై రెండు భవనాల లిఫ్టులు ఆయన చేతిలో ఉండేవి. ఇనప తాడు చేసే చప్పుడు విని ఏ చక్రం అరిగిందో చెప్పేవాడు. చేతులు పనిలో ఉన్నంతసేపూ నోటికి పని ఉండదు కదా, దాన్ని ఆయన జట్టు మీద వదిలేవాడు. అందులోనూ ముఖ్యంగా ఒక్కడి మీద.

ఆ ఒక్కడు జట్టులో వెనక వరసన గోలుకు కాపలా ఉండే డిఫెండరు. భారీ మనిషి, నెమ్మదస్తుడు. వాడికి దున్నపోతు అని పేరు పెట్టింది కోచ్‌గారే. ఎనిమిదేళ్ళలో ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, వాడి అసలు పేరు చెబితే వీధిలో సగం మంది ఎవరని అడిగేవారు. గోల్ కీపర్ నిద్రపోయినా తప్పు దున్నపోతుదే, ముందువరసవాళ్ళు ఎదురుగా ఉన్న గోలు కొట్టలేకపోయినా తప్పు దున్నపోతుదే. రెండేళ్ళ క్రితం కోచ్‌గారు వాణ్ణి తీసేయమని జట్టు ఆఫీసుకు అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి నూట నలభై సంతకాలు పెట్టించాడు. చెయ్యి తిరగనివాళ్ళ తరఫున తానే పెట్టాడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే. దున్నపోతు తల్లి, చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కాజాలు కుట్టి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి, ఆయన చూసే భవనంలోనే ఆరో అంతస్తులో ఉండేది. ఆమె లిఫ్టు ఎక్కినప్పుడు ఆయన అందులో నూనె వేస్తూనో, మరలు బిగిస్తూనో ఉంటే, నోరు ఊరుకునేది కాదు. మీవాడు కాళ్ళతో ఆడుతున్నాడా, కర్రలతోనా అని అడిగేవాడు. ఓడిన మర్నాడైతే, రాత్రి అన్నం పెట్టావా వాడికి అనేవాడు. ఆమె ఆరో నంబరు మీట నొక్కి, తలుపు వంక చూస్తూ నిలబడేది.

ఆ ఏడు ఊరి జట్టు ఎలాగో ఫైనల్‌కు చేరింది. పుట్టి బుద్ధెరిగాక అలాంటిది చూడలేదు కనుక వీధంతా మధ్యాహ్నం నుంచే టీకొట్టు టీవీ ముందు చేరింది. ఒక గోలు ఆధిక్యంతో ఆట చివరి నిమిషం దాకా వచ్చింది. అప్పుడు అవతలి జట్టువాడొకడు కీపర్‌ను దాటేశాడు. ముందు ఖాళీ గోలు తప్ప ఏమీ లేదు. కోచ్‌గారు తల పట్టుకుని, ఈ దున్నపోతు ఎక్కడ చచ్చాడు అని అరిచాడు. వాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఎవరికీ కనిపించలేదు. బంతి గీత దాటబోతుండగా అంత మనిషీ అడ్డంగా పడ్డాడు. బంతి వాడి మొహానికి తగిలి, గోలుపైనుంచి ఎగిరి అవతల పడింది. దాంతోపాటు రెండు పళ్ళూ వెళ్ళాయి. రిఫరీ ఈల వేశాడు. కప్పు మనది.

ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అంటారే, అది ఆ సాయంత్రం చూడాలి. మంగలి సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలోంచి లేపి కావలించుకుంటే, నురగ ఇద్దరికీ అయింది. మందుల కొట్టాయన కరెంటు స్తంభాన్ని ముద్దు పెట్టుకున్నాడు. అన్నదమ్ములు ఇద్దరు, ఏడేళ్ళుగా మాటల్లేనివాళ్ళు, మాట్లాడుకున్నారు. పావుగంటలో మళ్ళీ పోట్లాడుకున్నారు. కోచ్‌గారు బల్ల ఎక్కి, ఆ కుర్రాడి సత్తా నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను అన్నాడు. ఎవరూ కాదనలేదు. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు, అందరికీ అదే మాట అవసరం.

వీరుణ్ణి కన్న తల్లిని సన్మానించాలన్న ఆలోచన ఆయనదే. పువ్వులు కొన్నారు. అట్టముక్కతో ఒక కప్పు చేసి దానికి వెండి కాగితం చుట్టారు. యాభై మంది భవనం మీద పడ్డారు. ఆరుగురు ఎక్కవలసిన లిఫ్టులో తొమ్మండుగురు దూరారు. బరువెక్కువైతే మోగవలసిన గంట మోగలేదు, ఎందుకంటే దాని గోల పడలేకపోతున్నామని అద్దెవాళ్ళు అంటే, నెల క్రితం ఆ తీగ ఊడదీసింది కోచ్‌గారే. లిఫ్టు నాలుగో అంతస్తు దాటి, ఐదో అంతస్తు నేల లోపలివాళ్ళ ఛాతీ మట్టానికి వచ్చేసరికి ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది.

లిఫ్టు మోటారు ఉండే పై గది తాళంచెవి కోచ్‌గారి పనిచొక్కా జేబులో ఉంది. చొక్కా ఇంట్లో ఉంది. ఆయన భార్యకు ఫోన్ చేశాడు. బట్టలు ఆరేసి వస్తానంది. మెట్లమీద నుంచి వచ్చిన తక్కినవాళ్ళు కాసేపు చూసి, ఇందులో చూడ్డానికి ఏమీ లేదని తేల్చుకుని కిందికి పోయారు.

ఆ గోలకు తల్లి ఆరో అంతస్తునుంచి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. అది ఊచల తలుపు లిఫ్టు. లోపలివాళ్ళకు ముందు ఆమె పాదాలు కనిపించాయి. ఆమె మెట్టుమీద కూర్చున్నాక మొహం కూడా కనిపించింది. కోచ్‌గారు ఊచల మధ్యనుంచి పువ్వులు చాచి, తల్లీ, నీ కడుపు చల్లగా, ఎలాంటి కొడుకును కన్నావమ్మా అన్నాడు.

ఆమె పువ్వులు అందుకోలేదు.

“ఎంతసేపు పడుతుంది నాయనా ఇది కదలడానికి?” అంది.

“మా ఆవిడ రావాలమ్మా. ఓ గంట.”

“మంచిది. మీరంతా ఒకేచోట ఇలా దొరకడం మళ్ళీ కుదరదు. ఎనిమిదేళ్ళ మాటలున్నాయి, తీరిగ్గా చెప్పుకుందాం.”

ఆమె గొంతు పెంచలేదు. కింద మెట్ల గోడ మీద దున్నపోతు బొమ్మ గీసి కొమ్ములు పెట్టింది ఎవరని అడిగింది. తొమ్మండుగురూ లిఫ్టు పైకప్పు వైపు చూశారు. ఓడిన రోజుల్లో తన తలుపు కొట్టి పారిపోయేది ఎవరని అడిగింది. మందుల కొట్టాయనకు దగ్గు వచ్చింది. మోకాళ్ళ మాత్రలకు వెళితే, మీవాడి కాళ్ళకు కూడా రెండు పట్టుకెళ్ళమన్నావు కదూ అని గుర్తుచేస్తే ఆ దగ్గు ఆగిపోయింది. ఇక అర్జీ దగ్గరికి వచ్చింది. దాని నకలు ఆఫీసువాళ్ళు కొడుకుకు ఇచ్చారట, వాడు అది బియ్యం డబ్బా కింద దాచాడట. ఆ సంతకాలన్నీ ఆమె ఎప్పుడో చదివింది.

“అందులో నా సంతకం కూడా ఉంది నాయనా. ఎవరు పెట్టారది?”

ఆ జాబితాలో ఆమె పేరు కూడా కలిపేసిన సంగతి కోచ్‌గారికే గుర్తు లేదు. లెక్క నిండటానికి ఈ భవనంలో పేర్లన్నీ తలుపుల మీదనుంచి ఎత్తి రాశాడు. పక్కనున్నవాళ్ళు, తొమ్మండుగురు కిక్కిరిసిన లిఫ్టులో వీలైనంత మేరకు, ఆయనకు దూరం జరిగారు.

భార్య వచ్చేసరికి గంటన్నర అయింది. ముందు ఆ తల్లి పక్కన మెట్టుమీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మోకాళ్ళ గురించి అడిగి, అప్పుడు పైకి వెళ్ళింది. భవనం కాపలాదారు మోటారు బ్రేకు వదిలి పట్టుకుంటే, కోచ్‌గారు కిందనుంచి అరిచి చెప్పినట్టల్లా ఆమె లిఫ్టును చేత్తో కదిలించే చక్రం తిప్పింది. ఒకసారి అటు తిప్పబోయి ఇటు తిప్పింది. అది పొరపాటేనని ఇప్పటికీ అంటుంది.

బయటపడ్డాక సన్మానం మాట ఎవరూ ఎత్తలేదు. పువ్వులు నలిగిపోయాయి, అట్ట కప్పు ఎవరి కిందో పడి అప్పడమైంది. ఎవరి దారిన వాళ్ళు మెట్లు దిగారు.

మోటారు కాలిపోవడంతో లిఫ్టు రెండు రోజులు మూలపడింది. ఆ రెండు రోజులూ ఆమె కూరల సంచీ, పాలసీసాలు ఆరు అంతస్తులూ మోసింది కోచ్‌గారే. ఆమె అడగలేదు, ఆయనా దాన్ని పశ్చాత్తాపం అనలేదు. రెండో రోజు సంచీ గుమ్మంలో దించి, ఆయాసం తీరాక, ఎప్పటినుంచో నాలుక చివర ఉన్న ప్రశ్న అడిగాడు. అంత దూరంనుంచి ఆ బంతిని ఎలా పసిగట్టాడమ్మా మీవాడు?

“పసిగట్టడమేమిటి? కాలు జారి పడ్డాడట. లేద్దామని తలెత్తేసరికి వచ్చి మొహాన తగిలింది. ఎటునుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదంటాడు.” ఆమె సంచీ అందుకుంది. “దవడ వాచిపోయి గంజి తాగుతున్నాడు. ఎవరితోనూ అనకు, సిగ్గుపడతాడు.”

ఆయన మెట్లు దిగుతూ రెండుచోట్ల ఆగాడు. టీకొట్టు దగ్గర అందరూ చుట్టుముట్టి, వాళ్ళింటికి వెళ్ళి వస్తున్నావుగా, ఆ దెబ్బ గురించి ఏమన్నారు అని అడిగారు. కోచ్‌గారు టీ ఊదుకుని, ఒక గుక్క తాగి, అందరూ దగ్గరికి వచ్చేదాకా ఆగాడు.

“ఏముంది, అంతా ముందే లెక్కేసుకున్నాడట. బంతి తిరుగుడు చూసి ఎక్కడ పడాలో అక్కడే పడ్డాడు. నేను మొదటినుంచీ చెప్పేది అదేగా,” అన్నాడు.