అత్త ఏడవలేదు

సోమవారం మదనపల్లెలో డ్యూటీకి బయల్దేరుతుంటే రామకుప్పం నుంచి ఫోనొచ్చింది. మా మేనత్త పోయింది. "రాగి చేన్లో కలుపు తీస్తా తీస్తా అట్లే ఒరిగిపొయ్యిందమ్మా" అన్నాడు పక్కింటాయన. ఏడుపు తర్వాతొచ్చింది. ముందు భయమేసింది. నేను తప్పు రాస్తే ఇక చెప్పేదెవరు?

నాది కేబుల్ చానెల్లో పని. విదేశాల ఫొటోల కింద ఇంగ్లీషులో వచ్చే మాటల్ని తెలుగు చేస్తాను. పాలస్తీనా ఆడవాళ్ల ఫొటో ఏదొచ్చినా నా దగ్గర ఒకటే ముక్క తయారుగా ఉండేది: 'గుండెలవిసేలా రోదిస్తున్న మహిళ'.

నేను ఊరికి పోయినప్పుడల్లా అత్త సంగటి తింటూ కూడా మా చానెల్ వార్తలు వదిలేది కాదు. ప్రతి ఫొటోకీ "ఆయమ్మ పేరేమి?" అనేది. నాకు తెలిసేది కాదు. ఒకరోజు గట్టిగానే పట్టుకుంది.

"యాల అందరూ ఏడస్తానే ఉండారు? ఆడ డాక్టరమ్మ లేదా, టీచరమ్మ లేదా? ఈయమ్మ ఏడస్తాండాదని నువ్వు సూసినావా?"

"ఇంగ్లీషులో అట్లే ఉండాది అత్తా."

"రాసినోడు ఆయమ్మని అడిగినాడా?"

నాకు ఒళ్లు మండింది. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. అత్త లేచిపోయి బీరువాలోంచి పాత పేపరు ముక్క తెచ్చింది. ఏనుగు తొక్కి మామ చనిపోయిన రోజుది. దుప్పటి కప్పిన మామ, పక్కన నోరు తెరిచి చెయ్యి చాపిన అత్త. కింద 'భర్త మృతదేహం వద్ద భార్య రోదన' అని ఉంది.

"నేను ఏడవల్యా. ఏనుగు ఇంకా చెరుకుతోటలోనే ఉండె. ఉరికొస్తాండే పిల్లోల్లని రావద్దండ్రా అని అరిస్తిని. ఫొటో తీసేటాయన ఎనకాలే ఉండె ఆ ఏనుగు. పో అప్పా, పో అంటిని. ఆయప్ప ఫొటో తీస్తానే ఉండె."

ఆయన ఎట్లాగో బతికిపోయాడట. టీవీలో ఆ ఆడవాళ్లను చూసినప్పుడల్లా ఆమెకి ఆ రోజే గుర్తొచ్చేది. "ఎవురిని పరిగెత్తమని సెప్తాండాదో ఏమో. మనం అయ్యో పాపం అని సూస్తా కూసోనుండాము" అనేది. ఎంత చదివినా నాకు తోచని మాట అది.

అత్తను మట్టి చేసొచ్చి నిన్న డ్యూటీకి పోయాను. గాజా నుంచి ఒక ఫొటో వచ్చి ఉంది. తెల్లగుడ్డ కప్పిన శవం, పక్కన ఒకామె. ఇంగ్లీషులో తల్లి రోదన అని రాశారు. పేరు లేదు. నా వేళ్లు అలవాటుగా 'గుండెలవిసేలా' దాకా కొట్టేశాయి. ఆపి, మళ్లీ చూశాను.

ఆమె శవం వైపు చూడడం లేదు. కళ్లు సూటిగా కెమెరా మీదే ఉన్నాయి. నోరు తెరిచి, అరచెయ్యి మా వైపు తిప్పి, పొమ్మన్నట్టు ముందుకి తోస్తోంది.

నేను కుర్చీలో కూర్చునే వెనక్కి తిరిగి చూశాను.