అద్దం మీద పోసిన ఎసరు

గిన్నెడు వేడినీళ్ళ బరువు ఎంతుంటుంది? నేను ఆరేళ్ళుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ దగ్గరికి వచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. ఈ మాత్రం ధైర్యం అందుకే వచ్చింది.

సింగపూర్‌లో, జురాంగ్ ఐలాండ్ మీద ఒక కెమికల్ ప్లాంటులో సేఫ్టీ ఇంజినీరుని. పైపు పగిలినా, వాల్వు కారినా, ఎందుకు జరిగిందో వెతికి రిపోర్టు రాయడం నా పని. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు పాఠం చెప్పేది కూడా నేనే. తప్పు జరిగితే దాచకండి, వెంటనే చెప్పండి, చెప్పినవాళ్ళని ఇక్కడెవరూ తిట్టరు. ఎంత చక్కగా చెబుతానో! సిగ్గు లేకుండా.

స్వప్న నాకు ఇక్కడి యూనివర్సిటీ రోజుల నుంచి స్నేహితురాలు. ఈ ఊళ్ళోనే పుంగ్గోల్ వైపు ఉంటుంది. వాళ్ళ నాన్నగారు ఒంగోలు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ధ్రువాల దగ్గర చలికాలం ఆకాశంలో పచ్చటి వెలుగులు కదులుతాయని, పుస్తకంలో తపాలా బిళ్ళంత బొమ్మ చూపించి ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పారట. ఒక్కసారి కళ్ళారా చూస్తే ఆ పాఠం పూర్తి చేసినట్టుంటుంది అనేవారు. ఆయనకి అవి చూపించాలని స్వప్న పట్టుదల. మంచులో బండి ఎలా నడపాలో నెలల తరబడి వీడియోలు చూసి నేర్చుకుంది. ఆ డిసెంబరులో ముగ్గురం ఫిన్లాండ్ ఉత్తర కొసకి వెళ్ళి, కారు అద్దెకి తీసుకున్నాం.

మొదటి రెండు రోజులూ మబ్బే. ఎంత దూరం పోయినా అడవి, మంచు బరువుకి వంగిన చెట్లు, మనిషి జాడ లేని తెల్లటి రోడ్డు. ఇంకో రెండువందల కిలోమీటర్లు ఉత్తరానికి వెళితే ఆకాశం తేటగా ఉంటుందని ఫోన్‌లో కనిపించింది. మూడోరోజు పొద్దున అంకుల్ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాప్ తగిలించుకుని, మా ఇద్దరికంటే ముందే తయారైపోయారు.

కారు ముందు అద్దం మీద మంచు రాయిలా గట్టిపడి ఉంది. గీకే పలక ఎక్కడ పెట్టామో కనపడలేదు. నా ట్రైన్ కార్డుతో గీకితే అది కాస్తా రెండు ముక్కలైంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మేం దిగిన ఇంటి లోపల, సింగపూర్ నుంచి మోసుకెళ్ళిన రైస్ కుక్కర్లో ఉప్మా కోసం ఎసరు మరుగుతోంది. గిన్నె తెచ్చి గుమ్మరించేశాను.

టక్‌మంది. అద్దం ఈ చివర నుంచి ఆ చివరికి చీలిపోయింది. పోసిన నీళ్ళు నా కళ్ళముందే మళ్ళీ గడ్డకట్టాయి.

చల్లటి పైపులోకి ఒక్కసారిగా వేడి వదలకూడదని రోజూ అరిచి చెప్పే మనిషిని నేను. అయినా పోశాను. ఎండల్లో పుట్టి ఎండల్లో బతికినదాన్ని, మంచుకి మందు వేడినీళ్ళే అనుకున్నాను. అది తెలివితక్కువతనం. అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి నవ్వుకునేవాళ్ళం.

చప్పుడుకి అంకుల్, స్వప్న బయటికి వచ్చారు. గిన్నెని కాలితో మంచులోకి నెట్టాను.

"ఏందమ్మా ఇది? ఎట్టా అయింది?" అన్నారు అంకుల్.

"నిన్న కంకర లారీ వెనకాల వచ్చాం కదా అంకుల్. రాయి తగిలుంటుంది. చలికి ఇప్పుడు చీలింది."

ఆయన కూతురి వైపు తిరిగారు. "చెప్తానే ఉన్నా గదా, లారీకి అంత దగ్గరగా పోబాకు అని."

స్వప్న అద్దం వంక చూసింది. "అవును నాన్నా, నాదే తప్పు" అంది.

ఎలా వచ్చింది నాకా లారీ మాట? తడుముకోలేదు. రిపోర్టు చదివినట్టు వచ్చేసింది. నేను అంత తేలిగ్గా అబద్ధమాడగలనని నాకే అప్పటిదాకా తెలియదు.

ఫోన్ చేస్తే కారు ఇచ్చినవాళ్ళు ఉత్తరానికి వెళ్ళొద్దన్నారు, మెల్లగా ఊళ్ళోకి తెచ్చేయమన్నారు. నాలుగు గంటల ప్రయాణం. అంకుల్ కూతురి వైపు తిరక్కుండా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. దారిలో అంకుల్ మంకీ క్యాప్ తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకున్నారు. "పోనీలే, పుస్తకంలో చూశాం గదా" అన్నారు, ఎవరితోనో అన్నట్టు. నేను చెప్పినా చీలిన అద్దం అతుక్కోదు కదా అని వెనక సీట్లో కూర్చుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆయన కూతురి మీద కోపం లేకుండా ఇంటికి వెళ్ళేవారు కదా? ఆ మాత్రం ఇవ్వలేకపోయానా?

ఊళ్ళోనూ మబ్బే. మర్నాడు విమానం ఎక్కేశాం.

ఏడాది తిరక్కముందే ఆయన గుండెపోటుతో పోయారు. కార్యక్రమాలన్నీ ముగించుకుని వచ్చి, "కాస్త దూరం ఉంచి నడిపుంటే నాన్న చూసుండేవాడే" అని స్వప్న వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దాని చెయ్యి పట్టుకుని, "నీ తప్పేం లేదులే" అన్నాను. నిజం చెప్పాల్సిన చోట ఓదార్పు చెప్పాను. నన్ను నేను ఎక్కువగా అసహ్యించుకునేది ఆ క్షణానికే. అప్పటి నుంచి స్వప్న స్టీరింగు ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం పుంగ్గోల్‌లో, తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో, ఇక్కడందరూ చేసినట్టే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి నాకు సీటు పట్టి ఉంచింది. కాఫీ తాగుతూ, ఈ చలికాలం మళ్ళీ అక్కడికే వెళదామంది. నాన్న మంకీ క్యాప్ తీసుకెళుతుందట. "ఈసారి నువ్వే నడపాలే. నాకు చేతులు వణుకుతాయి. నువ్వైతే జాగ్రత్త మనిషివి" అంది.

చూద్దాం అన్నాను. కాఫీ సగంలో వదిలేసి లేచాను.

ఇంటికి వచ్చి మా ప్లాంటులో ప్రమాదాల రిపోర్టు రాసే ఫారం తెరిచాను. జరిగింది రాయడానికి నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. రేపు ఇది స్వప్నకి పంపుతాను. క్షమించమని అడగను, ఆ మాట వినాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు. ఇకమీదట నా ముఖం చూడనంటే అదీ న్యాయమే. రాయడం ముగిసింది. అంతకు మించి ఏమీ మారలేదు.

కారణం అన్న గడిలో ఇలా రాశాను: మరిగే నీళ్ళు పోసింది నేను. ముందురోజు వెనక సీట్లోంచి అంతా చూశాను. లారీ కనపడగానే స్వప్న వేగం తగ్గించింది. దూరం ఉంచే నడిపింది.