నూకరత్నం వీసా అప్పీలు

2023 వేసవి. విజయనగరంలో కోటకు దగ్గర్లో, ఒక బట్టల షాపు పైన మొదటి అంతస్తులో ఉండే ఓవర్సీస్ కన్సల్టెన్సీలో నేను డాక్యుమెంటేషన్ చూసేదాన్ని. అంటే విదేశాల్లో చదవబోయే పిల్లల కాగితాలన్నీ వరసగా పెట్టి, ఏది తక్కువైందో చూసి, వీసా ఆఫీసరు చేతికి వెళ్ళే ఫైలు తయారు చెయ్యడం. అప్పటికి పదకొండేళ్ళుగా అదే పని. అందులో నాకు పేరుంది. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. చెప్పకపోతే ఈ కేసు అర్థం కాదు.

మా పనిలో అందరూ భయపడే మాట 'గ్యాప్'. డిగ్రీ అయ్యాక చదువూ లేక, చూపించుకోవడానికి ఉద్యోగమూ లేక గడిచిన కాలం. దానికి నమ్మదగ్గ కారణం చూపకపోతే వీసా కష్టం. కన్సల్టెన్సీ నడిపే మా సారు ఒక సులువు కనిపెట్టారు. తెలిసినవాళ్ళ ఆఫీసు పేరు మీద ఎక్స్‌పీరియన్స్ లెటరు, అంటే ఫలానా మనిషి మా దగ్గర ఇన్నేళ్ళు పనిచేశాడని ఒక కాగితం తెప్పించేవారు. ఆ కాగితాలు టైపు చేసింది నేనే. ఎక్కడా అతుకు కనపడకుండా చెయ్యడంలోనే నాకు పేరు.

ఆ వేసవిలో నూకరత్నం వాళ్ళమ్మ ఎర్రమ్మతో కలిసి వచ్చింది. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. పిల్లకి ఇరవై ఏడేళ్ళు. బీయస్సీ జువాలజీ, ఫస్ట్ క్లాసు. యూరప్‌లో ఒక చిన్న దేశంలో, చేపల నిల్వ, నాణ్యత మీద మాస్టర్స్ సీటు తనే తెచ్చుకుంది, స్కాలర్‌షిప్‌తో సహా. దేశం పేరు రాయను. అక్కడి ఆఫీసుతో నాకింకా పనులున్నాయి. వీసా ఫైలు ఒక్కటీ మా చేత చేయించుకుందామని వచ్చింది.

మా సారు సర్టిఫికెట్లు తిరగేసి, "డిగ్రీ అయ్యాక ఈ ఐదేళ్ళూ ఏం చేశావమ్మా?" అని అడిగారు.

"సేపలమ్మినాను సార్."

"అది కాదమ్మా, ఉద్యోగం సంగతి."

"అదే సార్. మా అయ్య సెయ్యి బోటు ఇంజన్లో పడిపోనాది. మరి ఏటకెళ్ళలేడు. అమ్మా నానూ ఒడ్డున సేపలు ఏలంపాటలో కొని, ఎండబెట్టి, ఎస్.కోట సంతకి తీసుకెళ్ళి అమ్మినాం."

సారు చెడ్డవాడేమీ కాదు. మంచి చేస్తున్నాననే అనుకుంటారు. "వైజాగులో మనకు తెలిసిన ఆఫీసుంది. డేటా ఎంట్రీ చేసినట్టు లెటరిస్తారు. చేపల మాట ఎక్కడా ఎత్తకు" అన్నారు.

"సెయ్యని పని సేసినట్టు ఎందుకు సార్? సేసిన పని ఉన్నాది కదా?"

అంతవరకూ మాట్లాడని ఎర్రమ్మ లేచి నిలబడింది. "దొంగ కాయితమేటి బాబూ? మా పిల్ల ఏటి తప్పు సేసినాదని దాసుకోవాల?"

సారు విసుగ్గా నా వైపు చూసి, "నీ పద్ధతిలో సర్దు" అన్నారు.

నేను సర్దాను. ఫైల్లో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఒకటుంటుంది. ఈ కోర్సే ఎందుకు, ఈ దేశమే ఎందుకు అని విద్యార్థి చెప్పుకునే వ్యాసం. అందులో ఆ ఐదేళ్ళ గురించి ఒకే ఒక్క వాక్యం రాశాను: కుటుంబ వ్యాపారంలో సహాయపడ్డాను. అబద్ధం లేదు, చేపల వాసనా లేదు. తెలివిగా చేశానని నాకు నేనే సంతోషపడ్డాను. రత్నం నన్ను నమ్మి సంతకం పెట్టింది.

ఆరు వారాలకు రిఫ్యూజల్ లెటరు వచ్చింది. గ్యాప్‌కు తగిన వివరణ లేదట. అభ్యర్థి గతానికీ ఈ కోర్సుకూ సంబంధం కనపడలేదట.

ఏడుస్తుందేమోనని మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని ఆ మాట చెప్పాను. ఆమె ఏడవలేదు. వ్యాసం కాపీ అడిగి తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది.

"అప్పా, ఇందులో నానెక్కడున్నాను?"

అక్కను వాళ్ళు అప్ప అంటారు.

"ఐదేళ్ళు ఎండలో నిలబడ్డాను. ఒక్క లైన్లో ముంచీసినావు. ఆళ్ళు నన్ను కాదనలేదప్పా. నానెవుర్తినో ఆళ్ళకి నువ్వు సెప్పనేలేదు."

దొంగ లెటర్లు టైపు చేసిన రోజుల్లో కూడా నేను అంత తలదించుకోలేదు.

రిఫ్యూజల్ మీద రెండు నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. సారు వద్దన్నారు. "అప్పీలు దండగ. ఎక్స్‌పీరియన్స్ లెటరు పెట్టి వేరే దేశానికి వేద్దాం. ఇది కూడా పోతే నీ పాస్‌పోర్టు చూసి ఏ దేశమూ తలుపు తియ్యదు" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. రెండు రిఫ్యూజళ్ళున్న ఫైలు ఎంత కష్టమో నాకూ తెలుసు.

"ఆ దేశమే సార్. ఆ కోర్సే. నా పనితోటే" అంది రత్నం.

ఆఫీసు టైములో ఆ ఫైలు ముట్టుకోవద్దని సారు నాకు గట్టిగా చెప్పారు. ఆదివారం నాది కదా. బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను.

ఒడ్డున ఇసుక మీద ఎవరి చేపలు వాళ్ళు పరుచుకుని ఉన్నారు. రత్నంవాళ్ళవి మాత్రం నడుమెత్తు కర్రల మీద, పాత వల బిగించిన తడకల మీద ఆరుతున్నాయి. కింద నుంచి కూడా గాలి తగలాలని తనే కట్టిందట. మొదట్లో నవ్విన ఆడవాళ్ళలో అప్పటికే నలుగురు అలాంటి తడకలు కట్టుకున్నారు. "ఇవన్నీ నీకెలా తెలిశాయి?" అంటే ఇంట్లోంచి మూడు లాంగ్ నోటుబుక్కులు తెచ్చింది. ఏ రోజు ఏ చేప, ఎండ ఎంత, మబ్బెంత, ఉప్పెంత, ఎన్నాళ్ళకు ఎండింది, ఎందులో పురుగు పడింది. ఐదేళ్ళ రాత.

"ఇవి నాకు ముందే ఎందుకు చూపించలేదు?"

"నువ్వడగలేదు కదప్పా."

మరుసటి వారం సంత రోజున సెలవు పెట్టి ఇద్దరం ఎస్.కోట వెళ్ళాం. అక్కడ మెస్సు నడిపే పాపాయమ్మ మొదటినుంచీ రత్నం దగ్గరే ఎండు నెత్తళ్ళు అనే చిన్న చేపలు కొంటోంది. ఆ మాట ఒక ఉత్తరంగా ఇవ్వమని అడిగాం.

"నాకు రాత రాదు. నాను సెప్తాను, నువ్వు రాసుకో" అంది గరిటె కింద పెట్టకుండానే. "ఈ పిల్ల నెత్తళ్ళలో ఇసక ఉండదు. ఇన్నేళ్ళలో ఒక్కపాలి కూడా కూరలో ఇసక తగల్లేదు. అది రాయి."

అదే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. ఇంగ్లీషులోకి మార్చి నోటరీ చేయిస్తుంటే ఆ లాయరుగారు, "వీసా కాగితంలో ఇసక గొడవేమిటమ్మా?" అని నవ్వారు. "అదేనండి అసలు సంగతి" అన్నాను.

అప్పీలు ఉత్తరం రత్నం తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. పాత అలవాటు ఊరుకోదు. నా చెయ్యి 'సీఫుడ్ వ్యాపారం' అని రాసేసింది. రత్నం పట్టుకుంది. "సీఫుడ్డేటప్పా? సేపలు. ఎండబెట్టినాను, నెత్తినెట్టుకుని అమ్మినాను. అలగే రాయి." కొట్టేసి అలాగే రాశాను. నోటుబుక్కుల్లోంచి ఇరవై పేజీలు, తడకల ఫోటోలు, పాపాయమ్మ ఉత్తరం జతచేశాం.

పంపేముందు చూపిస్తే సారు ఆ కాగితాలు బల్ల మీద పడేశారు. "నవ్వులపాలవుతాం. దీని మీద మన ఆఫీసు పేరు వద్దు."

"తీసేస్తాను సార్. ఇంకో మాట. ఇకమీదట ఎక్స్‌పీరియన్స్ లెటర్లు నేను టైపు చెయ్యను."

"ఉద్యోగం చేస్తూ పని చెయ్యనంటే ఎలాగ?"

"అది మీ ఇష్టం సార్."

బల్ల మీది కాగితాలు ఏరుకుని బయటికొచ్చాను. సారు నన్ను తీసెయ్యలేదు, లెటర్లు మాత్రం ఇంకొకరి చేత టైపు చేయించారు.

అప్పీలు రత్నం పేరు మీదే వెళ్ళింది. జవాబు వచ్చేలోపు కోర్సు మొదలైపోయింది. ఆమె యూనివర్సిటీకి తనే రాసి డిఫర్‌మెంట్ తెచ్చుకుంది, అంటే సీటును తర్వాతి సంవత్సరానికి జరిపించుకుంది. వెళ్ళి మళ్ళీ ఒడ్డున నిలబడింది. ఊళ్ళో కొందరు ఎగతాళి చేశారని ఎర్రమ్మ చెప్పింది.

ఒక మధ్యాహ్నం ఢిల్లీ నుంచి రత్నానికి ఫోనొచ్చింది. వీసా ఆఫీసు. నోటుబుక్కు పేజీలు ముందు పెట్టుకునే మాట్లాడారట. మూడు రోజులు వరసగా మబ్బు పడితే ఏం చేస్తావు, ఆ చేప తినడానికి పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది, అని పావుగంట అడిగారట. అది అవ్వగానే నాకు ఫోన్ చేసింది.

"ఇంగ్లీషులో తప్పులొచ్చీసినాయప్పా. సేపల్లో మాత్రం ఒక్క తప్పు రాలేదు."

రెండు వారాలకు అప్పీలు ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. వీసా పడిన పాస్‌పోర్టు తీసుకుని తల్లీకూతుళ్ళు సరాసరి మా సారు గదిలోకి వెళ్ళారు. రత్నం దాన్ని తెరిచి బల్ల మీద పెట్టి, "సార్, సేపలమ్మినదాని వీసా. ఓపాలి సూడండి" అంది. సారు పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని చూసి, "మంచిదమ్మా" అన్నారు.

మూడు నెలల తర్వాత నేను ఆ ఉద్యోగం మానేశాను. మా వీధిలోనే చిన్న గది తీసుకుని ఫైళ్ళు చేస్తున్నాను. మునుపటంత మంది రారు. నిజం రాస్తే వీసా వచ్చి తీరుతుందని నేను చెప్పను. ఆ తర్వాత నా చేతి మీద వెళ్ళిన నిజమైన ఫైళ్ళు రెండు తిరిగొచ్చాయి. ఒక పిల్లవాడు అప్పీల్లో కూడా నెగ్గలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అయినా పద్ధతి మార్చుకోలేదు. గ్యాప్ ఉందని గొంతు తగ్గించి చెప్పే పిల్లల్ని నేను మొదట అడిగేది ఒక్కటే: ఆ రోజుల్లో పొద్దున్న లేచి ఏం చేసేవాళ్ళు? నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్ళేదాన్నని ఒకమ్మాయి అంటుంది. పోలీసు ఉద్యోగానికి రెండుసార్లు పరిగెత్తి ఓడిపోయానని ఒకబ్బాయి అంటాడు. అదే రాస్తాను. కాదనే హక్కు వీసా ఆఫీసరుకుంది, కాదననీ. కానీ కాదనేముందు ఆ పిల్ల బతికిన బతుకు చదవాలి. నేను అల్లినది చదివి కాదంటే, ఆ పిల్లకు అన్యాయం చేసింది ఆయన కాదు, నేను.