కిందికి నడిచే తేదీలు

జగడంలో గొంతు పెద్దదైనవాడే గెలుస్తాడని రాజవ్వ నమ్మకం. ఆ నమ్మకాన్ని హైమావతి ఒక్క పూటలో పాడు చేసి పెట్టింది.

రెండువేల మూడు, జూన్ నెల. పాశమైలారంలో మందుబిళ్లల ఫ్యాక్టరీ. ప్యాకింగులో పనిచేసే రాజవ్వ లేబుళ్ల కట్ట కోసం కంప్యూటర్ గదికి వచ్చి, లోపలి మాటలు విని గుమ్మంలోనే ఆగింది. పట్నం నుంచి వచ్చిన కామరాజు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. సెలవుల కోసం కొత్త పేజీ తయారుచేసి తెచ్చినవాడు అతనే. ఇకమీదట చేత్తో రాసే సెలవు చీటీలు ఉండవు. గేటు పక్కన ఒక కంప్యూటర్ పెడతారు, పనివాళ్లు దానిలో తేదీ నొక్కి సెలవు అడగాలి. ఆ పేజీ నెలను ముందు రాసి తేదీని తర్వాత రాస్తోంది. ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చూసే హైమావతి దాన్ని ఒప్పుకోవడం లేదు.

"ప్రపంచమంతా ఇలాగే రాస్తుంది మేడమ్," అన్నాడు కామరాజు.

"ప్రపంచం మా ప్యాకింగులో పనిచెయ్యదండీ."

"మీ ఒక్కరి కోసం మార్చాలంటే కుదరదు. మనుషులే అలవాటు పడాలి."

హైమావతి బయటికి వెళ్లి గేటు దగ్గరి రాకపోకల పుస్తకం తెచ్చి అతని ముందు తెరిచింది.

"ఇది మీ చేతిరాతేనా?"

"నాదే. పొద్దున లోపలికొచ్చేటప్పుడు రాశాను."

"నాలుగు, ఆరు, మూడు. మీ పేజీ లెక్కన ఇది ఏప్రిల్ ఆరు. ఆ రోజు లోపలికొచ్చిన మనిషి ఇంతవరకూ బయటికి పోలేదు. రెండు నెలలుగా మా క్యాంటీన్లోనే భోంచేస్తున్నారా కామరాజుగారూ?"

పక్కన నిలబడ్డ పర్సనెల్ మేనేజరు చలపతిరావు పక్కుమన్నాడు. కామరాజు మొహం మాడిపోయింది. సాయంత్రానికల్లా తేదీ ముందుకొచ్చింది, నెల వెనక్కి పోయింది. అంతటితో ఆగిందా ఆ పిల్ల? ఆ మిషన్లో తెలుగు అక్షరాలు పలకకపోతే పన్నెండు నెలల పేర్లనూ పన్నెండు బొమ్మలుగా గీసి పెట్టింది. పైన పెద్దక్షరాలతో 'జూన్' అని కనిపిస్తుంటే ప్యాకింగు ఆడవాళ్లు గుంపుగా వచ్చి చూసిపోయారు.

"పిట్ట కొంచెం, కూత ఘనం," అంది రాజవ్వ ఇంటికెళ్లి తన వెంటే ప్యాకింగు పనికి వచ్చే కోడలు మల్లమ్మతో. "ఆంధ్రోళ్ల పిల్లయితే ఏంది, ఆడది గట్లుండాలె."

రాజవ్వ నోట ఒక మనిషికి మెప్పు రావడం ఎండాకాలంలో వడగళ్ల లాంటిది. ఆమె జొన్నచేనులోనే ఫ్యాక్టరీ గేటు నిలబడి ఉంది. భూమి పోయినందుకు ఇంటికి ఒకరికి పని ఇస్తామంటే మొగుడు సిగ్గుపడ్డాడు, ఆమె వచ్చింది. "నా చేన్లకు నేను పోతున్న, నాకెవడు అడ్డం?" అంటూ ఇరవై ఏళ్లుగా అదే గేటు దాటుతోంది. ఈ ఇరవై ఏళ్లలో ఒక్క సెలవు పెట్టలేదు. మూడో తరగతి దాకా చదివానని అందరికీ చెబుతుంది. నిజానికి బడికి పోయింది మూడు నెలలు.

హైమావతిది మరో దారి. తండ్రి వెంకటరామయ్య కృష్ణా జిల్లా నుంచి సర్కారు కర్మాగారంలో ఫిట్టరుగా వచ్చి క్వార్టర్సులో స్థిరపడ్డాడు. కొడుకును ఇంజనీరింగులో చేర్పించి, కూతుర్ని పటాన్‌చెరు బస్టాండు ఎదుట మిఠాయి దుకాణం మీదున్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. ఆమె లేబుళ్లు టైపు చేయడానికి ఈ ఫ్యాక్టరీకి వచ్చింది. అయిదారేళ్ల కింద మొదటి కంప్యూటర్ దిగినప్పుడు ముగ్గురు మగ గుమాస్తాలు 'కళ్లు పోతాయి' అని తప్పుకున్నారు. ఆమె దాని పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివింది. అన్నం తింటున్నా ఎడమచేత్తో ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. తప్పు ఎక్కడుందో దొరికేదాకా కుర్చీలో కూర్చోదు. నిలబడే పనిచేస్తుంది. "నీ కాళ్లకు కుర్చీ పడదా ఏందమ్మా?" అని రాజవ్వ ఎన్నిసార్లు ఎత్తిపొడిచినా నవ్వేసేది.

జూలైలో బోనాలొచ్చాయి. ఆడవాళ్లకు సెలవులు కావాల్సి వచ్చింది. గేటు పక్కన కంప్యూటర్ ముందుకొచ్చిన మల్లమ్మ వేలు పెట్టకుండానే వెనక్కి జరిగింది.

"నాకు భయమైతది అత్తా. ఎటు నొక్కాల్నో ఏమో!"

"ఏం భయమే? అది కరుస్తదా?" రాజవ్వ ముందుకొచ్చింది. "జరుగు, నేను నొక్కుత. ఎన్నడు కావాలె?"

"రేపు."

తెర మీద నెల అంతా గళ్లుగా పరుచుకుని ఉంది. ఇవాళ్టి గడి పసుపు రంగులో మెరుస్తోంది. రాజవ్వ దాని కింది గడి నొక్కింది. అచ్చయిన చీటీ బయటికొచ్చింది. మల్లమ్మ దాన్ని కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది. అది చూసి ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. రెండు వారాలు తిరిగేసరికి ప్యాకింగులో పదకొండు మందికి మూడేసి సార్లు రాజవ్వే సెలవులు నొక్కింది. చదువుకున్నదాని హోదా అంటే ఏమిటో ఆమెకు ఆ రోజుల్లో తెలిసింది.

జూలై ఇరవైమూడున నోటీసు బోర్డు మీద జాబితా పడింది. గుమాస్తా చదివి వినిపించాడు. చెప్పకుండా మూడేసి రోజులు మానేసిన ఆడవాళ్లు పదకొండు మంది. శనివారం పది గంటలకు మీటింగు. ఆ తర్వాత గేటు పాసులు వాపసు చేయాలి, అంటే పని పోయినట్టే. రెండో పేరు మల్లమ్మది.

మల్లమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. "సెలవు పెట్టిన గద అత్తా! చీటీ సుత ఉన్నది. నువ్వే గద నొక్కినవు!"

ఆ చివరి మాట రాజవ్వకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. "నేను సక్కగనే నొక్కిన. మిషన్‌కే పుట్టింది రోగం," అని అరిచింది. అరిచింది గాని కాళ్లు మాత్రం కంప్యూటర్ గది వైపు పరిగెత్తాయి.

హైమావతి చీటీలన్నీ తెప్పించుకుంది. బల్లమీద పరిచి, హాజరు పుస్తకం పక్కన పెట్టి, నిలబడే చూసింది. తర్వాత ఆ కట్టతో నేరుగా చలపతిరావు గదికి నడిచింది. రాజవ్వ, మల్లమ్మ తలుపు దగ్గర నిలబడ్డారు.

"వీళ్లు సెలవు అడిగారు సార్. కానీ సెలవు వేరే రోజుకు పడింది. మల్లమ్మనే చూడండి, ఎనిమిదో తేదీ రాలేదు, సెలవేమో పద్నాలుగుకు ఉంది. ఆ పద్నాలుగున ఈమె వచ్చి పనిచేసి పోయింది. సెలవు పెట్టుకున్న రోజున ఎవరైనా పనికొస్తారా?"

"వస్తారు. పండగ రోజుల్లో చెప్పకుండా మానేసి, దొరికిపోతామని ఏదో ఒక తేదీకి చీటీ పుట్టిస్తారు. వీళ్ల తెలివి నీకు తెలియదు."

"పదకొండు మందీ ఒకేలాగా?"

"ఒకరు నేర్పితే పదిమంది నేర్చుకుంటారు." చలపతిరావు చీటీలను ఆమె వైపు నెట్టాడు. "పేజీలో తప్పుందంటావా? అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టింది నువ్వే కదా హైమావతీ. కామరాజుతో తగువేసుకుని మరీ మార్పించావు. శనివారం దాకా టైమిస్తున్నాను. తప్పెక్కడుందో మీటింగులో విచారణ కమిటీకి చూపించు. నోటిమాట పనికిరాదు. చూపించలేకపోతే పాసులు పోతాయి, నీ సంతకం సంగతీ చూడాల్సి ఉంటుంది."

గురువారమంతా హైమావతి గేటు పక్కనే నిలబడింది. నొక్కిన తేదీ నొక్కినట్టే పడుతోంది. మిషన్‌లో ఏ లోపమూ లేదు. మధ్యాహ్నం ఒక్కటి మాత్రం కనిపెట్టింది: ఏ సోమవారం అడిగారో ఆ పై సోమవారానికి, గురువారం అడిగితే పై గురువారానికి సెలవు పడింది. కొన్నింటికి సరిగ్గా రెండు వారాలు. అలా ఎందుకు పడిందో అంతుపట్టలేదు. ఆ మాట విని రాజవ్వ అక్కడి నుంచి పక్కకు తప్పుకుంది. 'ఎవరు నొక్కారు?' అని ఆ పిల్ల ఇంతవరకూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలి?

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్లో మల్లమ్మ అన్నం కలిపి వదిలేసింది.

"మీటింగు ఎన్నడత్తా, రేపా ఎల్లుండా?"

టీ బల్ల వెనక గోడకు తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. క్యాంటీన్ మేస్త్రి గడిచిన తేదీలన్నీ పెన్నుతో కొట్టేస్తాడు. కొట్టనివాటిలో మొదటిది ఇవాళ. రాజవ్వ లేచి దానిమీద వేలు పెట్టింది.

"గిది ఇయ్యాల." వేలు ఒక గడి కిందికి జారింది. "గిది రేపు. గప్పుడే మీటింగు."

పక్క బల్ల దగ్గర హైమావతి చేతిలో పెరుగన్నం ముద్ద అలాగే ఆగిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చింది. క్యాలెండర్ వైపు, రాజవ్వ వేలి వైపు మార్చి మార్చి చూసింది. ఆ క్యాలెండర్లో వారాల పేర్లు ఎడమపక్కన ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. తేదీలు పైనుంచి కిందికి దిగుతాయి. వాళ్ల క్వార్టర్సులో గోడకున్నదీ అలాంటిదే, పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. కామరాజు పేజీలో మాత్రం వారాల పేర్లు పైన వరసగా ఉంటాయి, తేదీలు పక్కకు నడుస్తాయి. అక్కడ ఇవాళ్టి కింద ఉండేది రేపు కాదు, వచ్చే వారం; రెండు గళ్ల కిందిది ఎల్లుండి కాదు, ఆ పై వారం.

"రాజవ్వగారూ, ఒక్కసారి ఇలా రండి."

గేటు దగ్గర కంప్యూటర్ ముందు ఇద్దరే నిలబడ్డారు. "రేపటికి సెలవు కావాలనుకోండి. ఏది నొక్కుతారు?" అని మెల్లగా అడిగింది హైమావతి.

రాజవ్వ వేలు పసుపు గడి మీదికి పోయింది, కిందికి జారబోయి ఆగింది. అర్థమైపోయింది. చెవులు వేడెక్కాయి.

"నేను అంకెలు సదవలేననుకుంటున్నవా?"

హైమావతి తెర ముందు నుంచి జరిగి ఆమెకు చోటిచ్చింది.

"సదవలేను," అంది రాజవ్వ, గోడతో చెప్పినట్టు. "ఇరవై ఏండ్ల నుంచి ఎవ్వరికి చెప్పలే. నా కోడలికి సుత తెల్వది. అందరికి నేనే నొక్కిన. పదకొండు మంది కడుపు మీద నేనే కొట్టిన. ఇగ చాలా?"

"మీరు కాదండీ, నేను. తేదీ ముందా నెల ముందా అని పోట్లాడాను. పేర్లు తెలుగులో గీశాను. నాకు అంకెలు వచ్చు గనక గడులు ఎటు నడుస్తున్నాయో చూసుకోలేదు. రేపు ఆ మాట అందరి ముందూ చెబుతాను."

"నువ్వు చెప్తే ఇంటడా ఆయన?"

"వినరు. నా సంతకం కాపాడుకోవడానికి కథ అల్లుతున్నానంటారు. కళ్లతో చూపించమన్నారు."

"అయితే మల్లమ్మను నిలవెట్టు."

"మల్లమ్మ ఎప్పుడూ నొక్కలేదు కదండీ. ఆ పదకొండు మందిలో ఎవరూ నొక్కలేదు. నొక్కిన వేలు మీది ఒక్కటే."

బయట షిఫ్టు సైరన్ మోగింది. ఆడవాళ్లు గేటు వైపు వస్తున్నారు, ముందు మల్లమ్మ. హైమావతి గొంతు తగ్గించి, ఆ ఫ్యాక్టరీలో రాజవ్వను ఇంకెవరూ అడగడానికి సాహసించని మాట అడిగింది.

"రేపు పదింటికి మీటింగు గదిలోకి రండి. చలపతిరావుగారు, కమిటీ, మీ కోడలు, అందరూ ఉంటారు. ఆయన రేపటికి సెలవు నొక్కమంటారు. మీకిప్పుడు సరైన గడి ఏదో తెలిసిపోయింది. అది నొక్కకండి. ఇన్నాళ్లూ ఎలా నొక్కారో అలాగే కిందికి నొక్కండి. ఎందుకు అక్కడ నొక్కావని ఆయన అడిగితే, అంకెలు చదవలేనని ఇందాక నాతో అన్న మాటే అనండి, ఆ గదిలో అందరికీ వినపడేలా."