చెమటకు తడవని చీనీ చెట్లు

మొన్న బెంగళూరు నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు మా ఆఫీసుకు వచ్చి, ఈ కంపెనీ ఆలోచన మీకు ఏ కాలేజీలో వచ్చిందని ఎంతో మర్యాదగా అడిగారు. ఆఫీసంటే అనంతపురంలో ఒక టైర్ల కొట్టు మీది గది. కాలేజీలో నాకు వచ్చింది నిద్ర ఒక్కటే. ఆలోచన మాత్రం బెళుగుప్ప దగ్గర, మా మామ బోరు బండి వెనకాల పుట్టిందని చెబితే, ఒకాయన 'క్షేత్ర పరిశోధన' అని రాసుకున్నాడు. నిజానికి అది ఇంట్లో అమ్మ పోరు పడలేక చేసిన పని.

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని రోజులు మీరూ చూసే ఉంటారు. ఆ రోజుల్లో రెండేళ్లు నేను రాతిపొడిలో మునిగి, పిండిమరలోంచి లేచొచ్చినవాడిలా తిరిగాను. బోరు దిగుతున్నకొద్దీ పైకి ఎగిరే పొడిని పిడికిట పట్టి నొక్కి, ఉండ కడితే తేమ తగిలిందని, రాలిపోతే లేదని చెప్పడం నా పని.

బెళుగుప్ప దగ్గరి ఒక ఊళ్లో ఒక అవ్వకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. పాత బోరు సన్నగిల్లి చెట్లు ఆకులు ముడుచుకున్నాయి. కొత్త బోరులో నీళ్లు పడకపోతే, బిడ్డల్లా పెంచిన తోట ఎండిపోవాల్సిందే. టెంకాయ కొట్టి మొదలుపెట్టాం. మధ్యాహ్నం దాకా పొడే. మామ ఆపేద్దామనేసరికి, అవ్వ నా పిడికిలి వంకే చూస్తూ నిలబడింది. నొక్కాను. ఉండ కట్టింది. తేమ ఉందని అరిచాను. ఇంకో మూడు రాడ్లు దించితే మళ్లీ పొడే ఎగిరింది. మామకు అనుమానమొచ్చి నా అరచెయ్యి తిప్పి చూశాడు.

"ఇది భూమి తడి గాదురా, నీ చెమట!"

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏమప్పా, నీ చెమట పారిస్తే నా చెట్లు బతుకుతాయా? లేదని చెప్పేకి నోరు రాలేదా నీకు?"

తనివితీరా తిట్టి, అందరికీ సంగటి, వేరుశెనగల ఊరిబిండి పచ్చడి పెట్టింది. మేం తింటుండగానే తాను పాత బోరు దగ్గరికి పోయి, వచ్చే సన్నటి ధార ఎన్ని పాదులకు అందుతుందో నడిచి చూసుకుంది. ఆ సాయంత్రమే సగం చెట్లకు సున్నం గుర్తు పెట్టి, తక్కినవాటికి నీళ్లు మాన్పించింది. అవి ఎండిపోయాయి. గుర్తు పెట్టినవి బతికి, మరుసటి కాపులో కొమ్మలు వంగేలా కాశాయి. మామకు ఒక బస్తా కాయలు పంపింది. నాకు వేరుగా నాలుగు, చెయ్యి తుడుచుకుని తినమన్న కబురుతో.

మా కంపెనీ చేసేదీ అవ్వ చేసిన పనే. నీళ్లు ఎక్కడున్నాయో చెప్పం. ఉన్న నీళ్లు ఎన్ని చెట్లకు చాలుతాయో, బోరుకు తగిలించిన చిన్న పెట్టె రైతు ఫోనుకు చెబుతుంది. చాలకపోతే చాలవనే చెబుతుంది. పెట్టెకు మొహమాటం లేదు.

పని బాగానే సాగుతోంది, దిగులేమీ లేదు. కోపమొచ్చిన రైతు యాప్‌కు ఒక్క స్టారు ఇచ్చి ఊరుకుంటాడు. లేదని చెప్పడానికి ఒకరి ముఖంలోకి చూడాల్సిన గండం నాకు తప్పింది. కాకపోతే, ఈ రోజు మా మాట విని ఎవరు తమ తోటలో సగం వదులుకున్నారో, వాళ్ల ముఖమైనా నేను ఎరగను.